పొత్తిగుడ్డ వెనక కథ: పసిబట్టల వ్యాపారం పెట్టాలనుకునే మనవాళ్ళ కోసం



హచ్చొళ్ళి వైపు నుంచి మన సంఘంలో ఉన్న ఇద్దరు ఆడపడుచులు చిన్నపిల్లల బట్టల వ్యాపారం మొదలుపెట్టాలని అనుకుంటున్నారు. పుట్టిన బిడ్డ నుంచి మూడేళ్ళ పిల్లల దాకా, ఆర్గానిక్ నూలు బట్టతో, ఎవరి ఉసురూ పోసుకోకుండా కుట్టించి అమ్మాలని వాళ్ళ కోరిక. గ్రూపులో ఆ మాట రాగానే పెట్టుబడి ఎంత, మిషన్లు ఎన్ని, ఆన్‌లైన్లో ఎట్లా అమ్మాలి అని చాలామంది సలహాలు చెప్పారు. అవన్నీ కావాల్సినవే. నేను మాత్రం ఇక్కడ చరిత్ర రాస్తాను. ఆ "ఎవరి ఉసురూ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పసిబిడ్డ ఒంటి మీది బట్టకు ఎవరి ఉసురు తగలగలదో మన సరిహద్దు పల్లెలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మన ఇళ్ళ నుంచే మొదలుపెడదాం.

"పొత్తిళ్ళలో బిడ్డ" అంటాం. ఆ పొత్తిళ్ళు అంటే అంగట్లో కొన్న బట్టలు కావు. కానుపు దగ్గర పడుతుందనగానే అవ్వలు పెట్టె తెరిచి ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన నూలు చీరలు, తాత పంచెలు బయటికి తీసేవాళ్ళు. వాటిని చింపి, వేడి నీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి ఉంచేవాళ్ళు. బిడ్డను చుట్టడానికి అవే, గోచీ పెట్టడానికి అవే, ఉయ్యాల కట్టడానికి పాత చీరే. చాలా ఇళ్ళలో పేరు పెట్టేదాకా, తొట్లెలో వేసేదాకా బిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలనివ్వరు. దిష్టి అని కొందరు, ఆచారం అని కొందరు చెబుతారు.

ఆచారం వెనక మంచి లెక్క ఉంది. కొత్త బట్టలో గంజి ఉంటుంది, అద్దకంలో పట్టకుండా మిగిలిన రంగు ఉంటుంది. ఈ కాలం మిల్లు బట్టకైతే ముడతలు పడకుండా వేసే రసాయనాల పూత కూడా ఉండొచ్చు. పసిబిడ్డ చర్మం పెద్దవాళ్ళ చర్మం కంటే పలచన. వందసార్లు ఉతికిన నూలు చీరలో ఇవేవీ మిగలవు. మెత్తదనం, తడి పీల్చే గుణం మాత్రం మిగులుతాయి. రంగుల్లో నిజంగానే ప్రమాదకరమైనవి ఉన్నాయని ప్రభుత్వాలు ఒప్పుకున్నది చాలా తర్వాత. మన కేంద్ర ప్రభుత్వం 70 అజో రంగులను నిషేధించింది 1997లో. మన అవ్వలు చదువు లేకుండానే ఆ జాగ్రత్త పాటించారు.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో పిల్లల బట్టలో వృథా అన్నది లేదు. ఆడపిల్లకు పావడా కుట్టిస్తే అడుగున రెండు మూడు మడతలు లోపలికి పెట్టి కుట్టించేవాళ్ళు. పిల్ల పొడవు పెరిగినప్పుడల్లా ఒక మడత విప్పేవాళ్ళు. ఆ పావడా అక్క నుంచి చెల్లికి, చెల్లి నుంచి చిన్నాయన కూతురికి పోయి, ఆఖరికి బొంతలోకి చేరేది. కన్నడం మాట్లాడే ఇళ్ళలో దాన్నే కౌది అంటారు. సరిహద్దుకు ఇటూ అటూ పేరు మారిందే గానీ కుట్టు ఒకటే. ఇప్పుడు పట్నాల్లో "సస్టైనబుల్" అని పెద్ద ధర పెట్టి అమ్ముతున్నది ఈ పద్ధతినే.

సరే, ఆ చీరలకు పత్తి ఎక్కడిది? మన నేలదే.

హచ్చొళ్ళి సిరుగుప్ప తాలూకాలో హోబళి కేంద్రం. బళ్ళారి జిల్లాకు ఈశాన్యం కొసన, అటు కర్నూలు జిల్లా హొళగుంద, కౌతాళం మండలాలకు దగ్గరగా ఉన్న ప్రాంతం. తుంగభద్ర నీళ్ళు రాకముందు ఈ చుట్టుపక్కల నల్లరేగడంతా వాన మీద ఆధారపడిన జొన్న, కొర్ర, పత్తి చేలే. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించినప్పుడు దత్తమండలాలని పేరు వచ్చింది. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి భూములు కొలిపించిన కాలం నుంచీ ఇక్కడి పత్తి సర్కారు కాగితాల్లో కనబడుతూనే ఉంది. బళ్ళారి, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి పోయే ఒక రకం దేశవాళీ పత్తికి వ్యాపారంలో "వెస్టర్న్స్" అని పేరు. పొట్టి పోగు, గట్టి చెట్టు, వాన తక్కువైనా తట్టుకునే రకం. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఇంగ్లండుకు ఆగిపోయినప్పుడు మన పత్తికి ఒక్కసారిగా ధర వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు రైలుదారి పూర్తయ్యాక ఆదోని పెద్ద పత్తి బజారుగా ఎదిగింది. ఈ నాటికీ ఆంధ్రప్రదేశ్‌లో పత్తి అంటే ముందు చెప్పుకునేది ఆదోని మార్కెట్‌నే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన జిల్లాను విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. సిరుగుప్ప, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. అదే ఏడాది తుంగభద్ర ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్ళు వదిలారు. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు, సిరుగుప్ప వరికి పేరు పొందింది. కానీ పత్తికి మాత్రం ఆ గీత ఎన్నడూ అడ్డం రాలేదు. పత్తి బండి ధర ఉన్న వైపుకే పోయేది. కూలికి పోయేవాళ్ళు కూడా అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఇక పత్తి మారిన కథ. ఇంగ్లండు మిల్లులకు మన పొట్టిపోగు పత్తి నచ్చలేదు. వాళ్ళ యంత్రాలకు పొడవు పోగు కావాలి. 1840లోనే కంపెనీ అమెరికా నుంచి పది మంది పత్తి సాగుదారులను పిలిపించి ఇక్కడ అమెరికన్ పత్తిని అలవాటు చెయ్యాలని చూసింది. అది వెంటనే అంతగా సాగలేదు. బళ్ళారి దగ్గర హగరి వ్యవసాయ కేంద్రంలో మద్రాసు ప్రభుత్వ కాలంలో దేశవాళీ రకాల మీదే మంచి పని జరిగింది. అసలు మలుపు స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని తీసుకొచ్చారు. పంట కోసం పండించిన తొలి హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో అదే. 1972లో మన ధార్వాడలో డాక్టర్ బి.హెచ్. కటర్కి వరలక్ష్మి అనే హైబ్రిడ్ తీసుకొచ్చారు. ఆ పేరు వినని పత్తి రైతు ఆ రోజుల్లో మన దిక్కున లేడు. పోగు పొడవు, దిగుబడి ఎక్కువ, చేతిలో డబ్బు. ఆ శాస్త్రవేత్తల ప్రతిభను ఎవరూ కాదనలేరు.

అయితే హైబ్రిడ్‌కు ఒక గుణం ఉంది. చేలో కాసిన గింజను దాచుకుని మళ్ళీ ఏడు వేస్తే అదే పంట రాదు. ఏటేటా కొత్త విత్తనం కొనాలి. ఆ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వునూ మనిషి చేత్తో ముట్టుకోవాలి.

ఆ పని ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సాయంత్రం పూట ఆడ వరసలోని మొగ్గలను వెతికి, మరునాడు విచ్చుకోబోయే వాటిని పట్టుకుని, గోటితో రేకులూ పుప్పొడి భాగమూ ఒలిచేస్తారు. లోపలి కీలం విరగకూడదు. మరునాడు పొద్దున మగ వరసలోని పూలు తెంపుకొచ్చి ఆ కీలం మీద పుప్పొడి రుద్దుతారు. రోజూ కొత్త మొగ్గలు వస్తాయి కాబట్టి ఒక్క రోజు కూడా మానడానికి లేదు. రెండు మూడు నెలలు ఇదే పని. ఎకరానికి మామూలు పత్తి సాగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మనుషులు కావాలి.

1980ల నుంచి ఈ విత్తనపు సాగు గుజరాత్‌తో పాటు మన సీమలోకి వచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు దీనికి పెద్ద కేంద్రాలయ్యాయి. తర్వాత ఉత్తర కర్ణాటకకూ పాకింది. కంపెనీ మూల విత్తనం ఇస్తుంది, ఆర్గనైజరు మధ్యలో ఉంటాడు, రైతు పండిస్తాడు, ధర ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ ధరలో రైతుకు ఏమైనా మిగలాలంటే కోసుకోగలిగింది కూలి ఒక్కటే. పెద్దవాళ్ళ కూలి కంటే పిల్లల కూలి తక్కువ. మగపిల్లల కంటే ఆడపిల్లలు ఎదురు చెప్పరు. సీజన్‌కు ముందే అడ్వాన్సు ఇచ్చి తల్లిదండ్రుల చేత ఒప్పించేవాళ్ళు. "చిన్న వేళ్ళయితేనే కీలం విరగదు, పిల్లల ఎత్తుకు చెట్టు సరిపోతుంది" అని ఒక సాకు కూడా పుట్టించారు. అట్లా ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలు బడి వదిలి చేలోకి నడిచారు. పురుగు మందు కొట్టిన చేలోనే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్నారు.

పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి దీన్ని లెక్కలతో బయటపెట్టారు. 2003లో నెదర్లాండ్స్‌లోని ఒక సంస్థ ఆయన నివేదికను ప్రచురించాక యూరప్‌లో గోల మొదలైంది, పెద్ద విత్తన కంపెనీలు మాట్లాడక తప్పలేదు. అదే ఏడాది మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు అప్పటికి పన్నెండేళ్ళుగా ఒకటే మాట మీద నిలబడి ఉన్నారు. బడిలో లేని ప్రతి బిడ్డా కూలి బిడ్డే అన్నది వాళ్ళ సిద్ధాంతం. పేదరికం తగ్గాక బడికి పంపుతాం అన్న వాదనను వాళ్ళు ఒప్పుకోలేదు. ఊళ్ళలో శిబిరాలు పెట్టి, బడి మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతికి చేర్చారు. చట్టం మాత్రం నెమ్మదిగా కదిలింది. 1986 నాటి చట్టం పొలం పనిని చాలావరకు పట్టించుకోలేదు. 2016 సవరణతో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని వచ్చింది. అందులోనూ బడి వేళలు కాని సమయంలో ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో సాయం చెయ్యొచ్చన్న సందు ఉంది. పరిస్థితి ముందుకంటే చాలా మెరుగైంది, నిజమే. అయినా అమెరికా కార్మిక శాఖ బాలకార్మికులతో తయారయ్యే సరుకుల జాబితాలో మన దేశపు హైబ్రిడ్ పత్తి విత్తనం పేరు ఉంది.

ఇప్పుడు అర్థమైందా నేను ఎందుకు ఆగిపోయానో? ఒక బిడ్డ ఒంటికి మెత్తగా తగిలే చొక్కా ఇంకొక బిడ్డ గోటితో మొదలై ఉండొచ్చు. పైగా ఆ రెండో బిడ్డ మన పక్క ఊరి బిడ్డే అయి ఉండొచ్చు.

పత్తి కథలో రెండో ఉసురు రైతుది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ వచ్చి పత్తి పోయింది. 1997-98లో వరంగల్ వైపు పురుగు పడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. రెండుసార్లూ అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు, చాలామంది ఆ పురుగు మందే తాగి. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మన దేశంలో బీటీ దాదాపు అంతా హైబ్రిడ్ రూపంలోనే వచ్చింది కాబట్టి, పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా హైబ్రిడ్‌ల కిందికి పోయింది. చేత్తో చేసే విత్తనానికి గిరాకీ ఇంకా పెరిగింది.

ఈ కష్టం నుంచే మన తెలుగు నేల మీద మంచి ప్రయత్నాలు కూడా పుట్టాయి. 2000ల తొలి ఏళ్ళలో ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగు మందులు మానేసింది. వేప కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలతో పత్తి పండించి చూపించింది. ఆ తర్వాత అప్పటి వరంగల్ జిల్లాలోని, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి ఊరు ఊరంతా సేంద్రియ సాగులోకి మారింది. 2004లో మొదలైన చేతనా ఆర్గానిక్ తెలంగాణ, ఒడిశా, మహారాష్ట్రల్లోని చిన్న రైతులను సంఘాలుగా కూర్చి సేంద్రియ పత్తిని బట్టల తయారీదారుల దాకా చేర్చింది. బీటీ కాని విత్తనం దొరకడమే కష్టమైపోయిన రోజుల్లో విత్తనాన్ని కాపాడే పని కూడా పెట్టుకుంది.

ఇంకొకటి మల్ఖా. మల్‌మల్, ఖాదీ కలిపి పెట్టిన పేరు అది. హైదరాబాదు నుంచి ఉజ్రమ్మ గారు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఒక సూటి ప్రశ్న వేశారు. పత్తిని ఆదోని లాంటి చోట బేళ్ళుగా ఇటుకల్లా నొక్కి, వందల మైళ్ళు పంపి, మిల్లులో మళ్ళీ దాన్ని చిదిమి విడదీసి వడకడం ఎందుకు? పత్తి పండిన చోటికి దగ్గర్లోనే, నొక్కకుండా, చిన్న యంత్రాల మీద వడికి మగ్గానికి ఇస్తే పోగులోని సహజమైన పొంగు పోకుండా ఉంటుంది కదా? అట్లా నేసిన బట్ట మెత్తగా ఉంటుంది, గాలి ఆడుతుంది, తడి పీలుస్తుంది. పసిబట్టకు కావాల్సిన గుణాలు ఇవే. పాత పొత్తిగుడ్డకు దగ్గరగా వచ్చే కొత్త బట్ట ఏదని నన్నడిగితే ఇలాంటి చేనేత నూలునే చెబుతాను. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ సంగతి మీకు తెలిసిందే. అక్కడ దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే పద్ధతి ఇంకా బతికి ఉంది. అది ఖరీదైన పని, పిల్లల గోచీలకు కుదిరేది కాదు. కానీ పొట్టిపోగు పత్తితో సన్నని బట్ట రాదన్న మాట అబద్ధమని అది రుజువు చేస్తుంది.

ఇక మన ఆడపడుచులకు పనికొచ్చే మాటలు.

"ఆర్గానిక్" అన్న చీటీ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు? ప్రపంచమంతా ఒప్పుకునేది గాట్స్ అనే ప్రమాణం, అంటే గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్. బట్టలో 95 శాతం పైగా సేంద్రియ పోగు ఉంటే "ఆర్గానిక్" అనొచ్చు. కనీసం 70 శాతం ఉంటే "ఆర్గానిక్ పోగుతో చేసినది" అనొచ్చు. ఏ రంగు వాడాలో, నీళ్ళు ఎట్లా శుద్ధి చెయ్యాలో, ఫ్యాక్టరీలో మనుషులను ఎట్లా చూడాలో కూడా అందులో నియమాలు ఉన్నాయి. అయితే ఆ ప్రమాణం మొదలయ్యేది జిన్నింగు దగ్గర. పొలం వేరే సేంద్రియ సర్టిఫికెట్ కిందికి వస్తుంది. అది మందులు, ఎరువులు, బీటీ విత్తనం సంగతి చూస్తుంది. ఆ పొలానికి విత్తనం ఎక్కడ, ఎవరి చేతులతో తయారైందన్నది మాత్రం ఈ రెండు చీటీల మధ్య సందులో జారిపోవచ్చు. బీటీ కాని హైబ్రిడ్ కూడా చేత్తో చేసిన హైబ్రిడ్డే కదా.

పైగా చీటీలు కూడా అబద్ధమాడతాయి. 2020లో గాట్స్ సంస్థే మన దేశంలో దొంగ సర్టిఫికెట్లతో 20,000 టన్నుల పత్తిని ఆర్గానిక్‌గా చూపించారని బయటపెట్టి 11 కంపెనీలను నిషేధించింది. కాబట్టి అమ్మేవాడు చూపించిన కాగితం ఫొటో చూసి ఊరుకోకండి. లైసెన్సు నంబరును గాట్స్ వాళ్ళ వెబ్‌సైటులో కొట్టి చూడండి, ఎవరికైనా కనబడుతుంది. ఇంకొక చిక్కు కూడా తెలుసుకోండి. గాట్స్ బట్ట తాను కొని మన ఊళ్ళో కుట్టిస్తే ఆ చొక్కా మీద గాట్స్ గుర్తు వేసే హక్కు రాదు. కుట్టే చోటుకూ సర్టిఫికెట్ ఉండాలి. గుర్తు వేసుకోకుండా, బట్ట ఎక్కడ కొన్నామో, ఎవరు కుట్టారో ఉన్నదున్నట్టు రాసి అమ్ముకోవడమే చిన్న వ్యాపారానికి మర్యాద.

విత్తనం చిక్కుకు ఒక దారి ఉంది. మన పాత దేశవాళీ రకాలు, అలాగే హైబ్రిడ్ కాని సూటి రకాలు ఏవైనా, తమ గింజ తామే ఇస్తాయి. రైతు దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. అక్కడ పువ్వు పువ్వునూ ముట్టే చేతులతో పని లేదు. పోగు పొట్టిదైనా పిల్లల బట్టకు అదేమీ లోపం కాదు. సూటింగు గుడ్డకు కావాల్సిన నునుపు గోచీకి ఎందుకు? కాబట్టి బట్ట కొనేటప్పుడు "ఆర్గానిక్కేనా" అని ఒక్క ప్రశ్నతో ఆపొద్దు. "ఏ రకం పత్తి, విత్తనం ఎక్కడిది" అని రెండో ప్రశ్న వెయ్యండి. జవాబు చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి. ఇద్దరు ముగ్గురు అడిగితే ఎవరూ పట్టించుకోకపోవచ్చు, ఇరవై మంది అడిగితే జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు.

కుట్టు విషయంలో మనం అదృష్టవంతులం. బ్రిటిష్ కంటోన్మెంటు కాలంలో సిపాయిల దుస్తులు కుట్టిన దర్జీల ఊరు బళ్ళారి. ఆ చేతులే తర్వాత జీన్సు కుట్టి దేశమంతా పేరు తెచ్చాయి. కటింగ్ మాస్టర్లు, ఓవర్‌లాక్ మిషన్లు, దారం, బొత్తాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. జీన్సుకు రంగు వదిలించే నీళ్ళతో వచ్చిన కాలుష్యం తలనొప్పి పసిబట్టకు లేదు. తెల్ల నూలు, ఉతికి మెత్తబరిచిన నూలు చాలు. జుబ్బా పక్కకు కట్టుకునేలా, పొట్టి నాడాలతో, కుట్టు అంచు ఒంటికి గీరుకోకుండా బయటికి వచ్చేలా కుట్టించండి. మెడ దగ్గర తాళ్ళు వద్దే వద్దు. అవ్వల పద్ధతిలో లోపల మడత పెట్టండి, ఆ బట్ట ఇంకో ఆరు నెలలు వస్తుంది.

ఇంట్లో కుట్టించే పనిలో ఒక ప్రమాదం ఉంది. పీసుకు ఇంత అని ఇస్తే, ఆ తల్లి పక్కన కూర్చుని దారాలు కత్తిరించేది, బొత్తాలు కుట్టేది ఆమె పదేళ్ళ కూతురే అవుతుంది. చేలో జరిగిందే వసారాలో జరుగుతుంది. పీసు రేటు కట్టేటప్పుడు ఒక మనిషి ఒక రోజులో నిదానంగా ఎన్ని కుట్టగలదో చూసి, ఆ లెక్కన పెద్దవాళ్ళ రోజుకూలి గిట్టేలా కట్టండి. రేటు తక్కువైతే పిల్లల చేతులు దానంతట అవే వచ్చి చేరతాయి. విత్తనపు చేలు మనకు నేర్పిన పాఠం ఇదే.

"అంత ధర పెడితే ఎవరు కొంటారు" అని అంటారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పసిపిల్లల జుబ్బా 50 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. జిన్నింగులో గింజ పోగా, వడకడంలో, నేతలో, కత్తిరింపులో తరుగు పోగా, దానికి పట్టే గింజపత్తి పావు కిలో అనుకోండి. 2025-26కు పొడవు పోగు పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక జుబ్బాలో రైతుకు పోయేది ఇరవై రూపాయలు. ఆ రైతుకు రెట్టింపు ధర ఇచ్చినా చొక్కా మీద పడేది ఇంకో ఇరవై. కుట్టేవాళ్ళకు పీసుకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చినా మొత్తం పెరిగేది ముప్పై. ఆర్గానిక్ పసిబట్టలను పట్నాల్లో వందలకు వందలు పెట్టి అమ్ముతున్నప్పుడు ఈ ముప్పై రూపాయలు ఎక్కడికి పోతున్నాయని అడగాల్సింది కొనేవాళ్ళం మనమే. చిన్న ఎత్తున నేయించడానికి, వడికించడానికి ఖర్చు ఎక్కువ, అది నిజం. కానీ రైతుకూ కూలికీ న్యాయం చేస్తే గిట్టదన్న మాట మాత్రం నిలవదు.

సంఘం పెద్దలకు నా మనవి రెండు మాటల్లో. ఒకటి, ఈ ఇద్దరికీ మొదటి ఏడాది పెట్టుబడి కంటే ఆర్డర్లు ఎక్కువ అవసరం. మన సంఘంలో ఏటా జరిగే తొట్లె ఫంక్షన్లకు, బారసాలలకు బహుమతిగా వెండి గిన్నెకు బదులు నాలుగు జుబ్బాలు, నాలుగు గోచీలు ఇద్దాం. రెండు, సంఘం పేరు మీద అమ్మే ఏ బట్టలోనూ పద్నాలుగేళ్ళ లోపు చేతులు ఉండకూడదని తీర్మానం రాసుకుందాం. విత్తనం నుంచి బొత్తం దాకా.

మీ ఇళ్ళలో అవ్వలు ఉంటే పొత్తిగుడ్డలు ఎట్లా తయారు చేసేవాళ్ళో అడిగి కింద రాయండి. ఏ రకం చీర, ఎన్నిసార్లు ఉడకబెట్టేవాళ్ళు, ఏ కుట్టు వేసేవాళ్ళు అని వివరంగా. 1980లు, 90ల్లో విత్తనపు చేలకు పోయి ఇప్పుడు తల్లులైనవాళ్ళు మనలో ఉంటారు. ఇష్టమైతే వాళ్ళూ రాయండి, పేరు లేకుండానైనా సరే. మన పిల్లల బట్టలకు నమూనా గీసేవాళ్ళకు ఆ రెండూ తెలియాలి.